ఎవరు చంపారో అడగని సినిమా

ఎల్లారెడ్డిలో సినిమా డేరా లేదు గానీ గంగమణి ఉంది. కామారెడ్డి స్టేషను దగ్గర డేరా టాకీసు పడ్డప్పుడల్లా, అక్కడ సోడాలమ్మే చిన్నమ్మను చూసొస్తానని బస్సెక్కేది. అక్కడ ఆడేవన్నీ ఉర్దూ సినిమాలు. వాటిని తెచ్చి, భూదవ్వ ఇంటి అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళకు తెలుగులో చెప్పేది.

చేతులూపకుండా చెప్పడం ఆమెకు చేతకాదు. చేతులూపితే బీడీలు సాగవు. అందుకని ఆ అరుగు మీద ఒక రివాజు ఏర్పడింది. గంగమణి చెబుతున్నంతసేపూ వినేవాళ్ళు తలా కొన్ని బీడీలు చుట్టి ఆమె చాటలో వేయాలి. కథ రక్తికడితే చాట తొందరగా నిండేది. పాటలు ఎక్కువైతే, వాళ్ళలో నర్సవ్వ చెయ్యి బీడీ వేయకుండానే వెనక్కి పోయేది.

కథ చెప్పి ఊరుకుంటే ఆమె గంగమణి ఎందుకవుతుంది? చివర్లో తన మాట చెప్పాల్సిందే. సినిమా తీసినవాళ్ళు ఎదురుగా ఉన్నా ఆమె తగ్గేది కాదు.

యుద్ధం ఎక్కడో జరుగుతూ ఇక్కడ కిరసనాయిలు దొరక్కుండా చేసిన రోజులవి. ఆ వారం ఆమె ఒక హత్య సినిమా తెచ్చింది. వాన కురుస్తుంటే బంగళాలో జమీందారు చచ్చి పడి ఉన్నాడు. గది తలుపుకు లోపల గడియ. దివాను, మేనల్లుడు, రెండో భార్య, పనివాడు, అందరినీ పోలీసు వరసగా నిలబెట్టాడు.

"ఇగ సంపినోని పేరు చెప్తడనంగ..." అని గంగమణి చెయ్యెత్తిందో లేదో, ఊరి పటేలు పిలుస్తున్నాడని మనిషి వచ్చాడు.

"పేరు చెప్పి పోవే," అని భూదవ్వ కొంగు పట్టుకుంది.

"వచ్చి చెప్త తీ."

పటేలు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫౌజులోకి మనుషుల్ని పంపుతానని పైవాళ్ళకు మాటిచ్చి, పోయేవాడు ఒక్కడూ దొరక్క తల పట్టుకున్నాడు.

"కామారెడ్డిల యుద్ధం సినిమ ఆడుతున్నది. పోయి చూసిరా, టికెట్టు నేనిప్పిస్త," అన్నాడు. "శుక్రవారం ఫౌజు జమాదారు వస్తడు. పోరగాండ్లను నా వాకిట్ల కూడేస్త. నీ నోటితోని చెప్తే ఉరికొచ్చి వేలిముద్ర వెయ్యాలె."

"మరి మా రాజలింగు?" అంది గంగమణి. తల్లీతండ్రీ పోయాక ఆమె పెంచిన తమ్ముడు వాడు. ఆమెకున్నది వాడొక్కడే.

"మంచిగ చెప్తే నీ తమ్ముడు నీ ఇంట్లనే ఉంటడు. తేడా వచ్చిందో, మొదలు వాడే పోతడు."

ఆమె వెళ్ళి చూసింది. తిరిగొచ్చేటప్పుడు లింగంపేట దాటేదాకా బస్సులో పటేలు కోరినట్టే కథ కూర్చుకుంది. రాజలింగు ఇంట్లో ఉంటాడు. వాడికి బదులు భూదవ్వ కొడుకు బాలయ్య పోతాడు. అక్కడికొచ్చేసరికి కథ ముందుకు సాగలేదు. భయం వేసింది. బాగా భయం వేసింది.

శుక్రవారం పొద్దున పటేలు వాకిలి నిండింది. ఖాకీ బట్టల జమాదారు కాగితాలు పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. గంగమణి మొదలుపెట్టింది. విమానాలు ఎగిరాయి, ఫిరంగులు పేలాయి, వింటున్న కుర్రాళ్ళు ముందుకు జరిగారు. పటేలు మొహం విప్పారింది.

"తల్లి బొట్టు పెట్టి, నవ్వుకుంట కొడుకును తోలింది," అంది. "కొడుకు సచ్చిండని టెలిగ్రామొచ్చింది. అప్పుడు గూడ నవ్వింది."

ఆగింది. ఎదురుగా భూదవ్వ కొడుకు భుజమ్మీద చెయ్యేసి కూర్చుని ఉంది.

"తర్వాత?" అన్నాడు పటేలు.

"బ్యాండు కొట్టిన్రు, అయిపోయింది. ఇగ నా మాట చెప్త."

"నీ మాట ఎవలడిగిన్రు?"

"సినిమ చెప్పినంక నా మాట చెప్పుడు మా అరుగు మీది రివాజు పటేలా. నన్ను పిలిచింది మీరే." గంగమణి జనం వైపు తిరిగింది. "మొన్న హత్య సినిమల సచ్చింది ఒక్కడు. ఆ ఒక్కని కోసం పోలీసొచ్చిండు. ఇంట్లోళ్ళందర్ని నిలవెట్టిండు. ఎవరు సంపిన్రని సినిమ అయ్యేదాంక అడిగిండు. ఈ యుద్ధం సినిమల మైదానం నిండ సచ్చిపడ్డరు. ఎవరు సంపిన్రని ఒక్కడడగలే. ఎవరు తోలిన్రని అడగలే. ఆఖరుకు కన్నతల్లి గూడ అడగలే. గా తల్లిని నేను నమ్మ. సినిమ బాగలేదు."

పటేలు లేచి రాజలింగు రెక్క పట్టి ముందుకు లాగాడు. "వీని పేరు రాసుకోండ్రి."

జమాదారు కలం తీశాడు గానీ, కుర్రాడి నోటితో వినకుండా రాయలేదు. "ఇష్టమేనా?" అని అడిగాడు.

రాజలింగు రెక్క విడిపించుకున్నాడు. "నేను పోను," అన్నాడు.

"నేను గూడ పోను," అన్నాడు బాలయ్య, ఎవరూ అడక్కుండానే.

భూదవ్వ నెమ్మదిగా లేచింది. "పటేలా, మీ కొడుకు గూడ ఈడనే నిలవడి సినిమ విన్నడు గద. ఆయనను అడుగుండ్రి, పోతడేమో."

అందరి చూపులూ పటేలు కొడుకు మీదికి వెళ్ళాయి. వాడు తలుపు చాటుకు తప్పుకున్నాడు. జమాదారు కాగితాలు మడిచి లేచాడు.

పటేలు ఊరుకునే మనిషా? బీడీలకు ఆకు, తంబాకు ఇచ్చే దుకాణం అతని బామ్మర్దిదే. మర్నాడు గంగమణికి ఆకు లేదన్నారు. చాట మాత్రం చంకలో పెట్టుకుని ఆమె భూదవ్వ అరుగెక్కి తన చోట కూర్చుంది. పని లేకపోయినా ఆ చోటు వదలదలచుకోలేదు.

భూదవ్వ తన ఆకులోంచి గుప్పెడు తీసి ఆ చాటలో వేసింది. తర్వాత నర్సవ్వ వేసింది. యాదవ్వ తంబాకు పోసింది.

"నీ బీడీలు మా బీడీలల్ల కలిపి అప్పజెప్తం," అంది భూదవ్వ. "అయితే ఊకెనే కాదు. మొన్న సగంల ఆపినవ్. జమీందారును సంపిందెవరు?"

"సినిమల పనోడన్నరు."

"నువ్వేమంటవ్?"

గంగమణి ఆకు పక్కకు జరిపి రెండు చేతులూ ఖాళీ చేసుకుంది.

"నేనొప్పుకోను," అంది. "మొదటి నుంచి చెప్త. వాడు సస్తే ఎవనికి లాభమైందో మీరే చూడుండ్రి."

చాటలో మొదటి బీడీ నర్సవ్వే వేసింది.