ఎవరిదో పేటియా

ఖమ్మంలో ఖిల్లా గుట్ట కింద సీమచింత బజారు అని ఒకటుంది. అక్కడ ఒక మనిషిని ఏడు భాషల్లో తిట్టొచ్చు, ఏడింటిలోనూ వాడికి అర్థమవుతుంది. మిరపకాయలు అమ్మడానికి యార్డుకు పోయిన ప్రతిసారీ ఆ బజారుకు పోయి, జిలేబీ తిని, నాలుగు కొత్త తిట్లు నేర్చుకుని ఇంటికి రావడం నాకు అలవాటు. ఆఖరుసారి మాత్రం జిలేబీ తినలేదు. ఆ సంగతే చెప్తాను.

పని మంగ్లిది. ములకలపల్లి దాటాక మా ఊరు. వాగు అవతల, జీడిమామిడి తోటల వెనక వాళ్ల తండా. మంగ్లి నన్ను అన్నా అని పిలిచేది కాబట్టి ఆమె పెనిమిటి హాతీరాం నాకు బావ. వేసవిలో తునికాకు కోయడానికి అడవికి పోయినప్పుడు ముగ్గురం ఒకే చెట్టు కింద సద్ది విప్పేవాళ్లం. నేను కోతలు కోసేవాణ్ని, ఆమె ఆకు కోసేది. మా ఇద్దరిలో ఎక్కువ కోసింది నేనే అని హాతీరాం అనేవాడు.

మొన్నటి చలికాలం మంగ్లికి ఊపిరి చాలకుండా అయింది. పెద్ద దవాఖానా వాళ్లు చూసి, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైంది పెట్టండి అన్నారు. ఆమెకు ఇష్టమైంది తిండి కాదు.

"నా పేటియా దించి ఎండకు ఎయ్యుండ్రి. ఏ బట్టల్ల ఈ తండాకు వచ్చిన్నో ఆ బట్టల్లనే పోత" అంది.

పేటియా అంటే లంబాడీ ఆడవాళ్లు కట్టే ఎర్ర పావడా. అద్దాలు, రంగురంగుల దారాలు, ఎన్ని కుచ్చెళ్లో. పెళ్లికి ముందు పిల్ల తన చేత్తో తానే కుట్టుకుంటుంది. మంగ్లి చీరలకు అలవాటుపడ్డాక దాన్ని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టింది. పండగకు కూడా దించలేదు, పోయేనాటికని దాచుకుంది.

దించడానికి లేచిన కోడలు కళ్యాణి వంటింట్లోకి పోయి మళ్లీ బయటికి రాలేదు. హాతీరాం వెళ్లి చూస్తే పొయ్యి పక్కన ముడుచుకుని ఏడుస్తోంది. వానాకాలంలో, పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె తండాకు వచ్చింది. ఎలుకలు కొట్టిన చింకిబట్టలే కదా అని కళ్యాణి అటక మీది సంచులు విప్పి చూడకుండానే ఇచ్చేసి ఒక బిందె తీసుకుంది. అత్తకు ఆ బిందెలో నీళ్లే పోస్తోంది.

తెల్లారి హాతీరాం మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఓ సమ్మయ్యా, ఆ సామాన్లామెది ఖమ్మమంట. సీమచింత బజారంట. నీకెరుకే గదా?"

"ఎరుకనా? ఆ బజార్ల కుక్కలు సుత నన్ను పేరుపెట్టి పిలుస్తయ్."

"నవ్వులాట గాదు. మంగ్లి అడగబట్టె. ఎండకు ఏసినం అని అబద్ధం చెప్పి వచ్చిన. ఎన్ని దినాలని ఎండవెడ్త?"

మొదటి బస్సుకే బయలుదేరాం. కొత్తగూడెం దాటినా హాతీరాం కిటికీలోంచి చూపు తిప్పలేదు. బయట పత్తి చేలు తప్ప ఏమీ లేవు. నాకు ఆ మౌనం నచ్చలేదు.

"బావా, ఆ బజార్ల ఒక మార్వాడీ ఉంటడు. ఓపాలి జిలేబీ చుట్టుడు షురూ చేసి ఆపుడు మర్చిపోయిండు. కొస పోయి పోయి వైరా చెరువుల పడ్డది. ఆ నీళ్ల చేపలు ఇప్పటికీ తియ్యగుంటయ్."

"నీ నోట్ల మన్నువడ" అన్నాడు హాతీరాం. ఆ వెంటనే, "మంగ్లికి చెప్పు, నవ్వుతది" అన్నాడు. మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

బజారు ఆ రోజు ఎప్పటికంటే కళగా ఉంది. అదేం పాపమో, మనిషి గుండెలో మబ్బు పట్టినప్పుడే బజార్లు ఎక్కువ వెలుగుతాయి. మొదట్లోనే తమిళామె ఇడ్లీ బండి, దాని పక్కన మలయాళీ వాళ్ల బేకరీ. గ్రానైటు పాలిషు పనికి వచ్చిన ఒడిశా, బిహారు పిల్లలు ఒంటినిండా తెల్ల దుమ్ముతో వరసగా నిలబడి టీ తాగుతున్నారు, పిండిలో దొర్లించి నూనెలో వేయడం మర్చిపోయిన బజ్జీల్లాగా. లక్క గాజుల కొలిమి, అత్తరు దుకాణం, బ్యాండుమేళం వాళ్ల గది ముందు ఇత్తడి బాకాలు, దర్గా గుమ్మానికి కొత్త పూల చాదరు. పైన గుట్ట మీద ఖిల్లా గోడ.

"ఆ పైన ఫిరంగి ఉన్నది చూసినవా బావా? మా తాత తుమ్మితే పేలింది. గుండు ఇంకా కింద పడలే" అన్నాను.

హాతీరాం ఫిరంగి వైపు చూడలేదు. వీధి మలుపులో మున్సిపాలిటీ వాళ్లు గోడలకు రంగులు వేయించారు. ఒక మేడంత ఎత్తున లంబాడీ ఆడమనిషి బొమ్మ. ఎర్ర పేటియా, చేతినిండా తెల్ల గాజులు, నెత్తిన కుండ, మొహాన నవ్వు. కాలేజీ పిల్లలు ఆమె పాదాల దగ్గర నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. హాతీరాం ఆ బొమ్మ కింద తలెత్తి నిలబడిపోయాడు. ఒక పిల్ల, "తాతా, జర పక్కకు జరుగుండ్రి, ఫొటోల పడుతున్నరు" అంది. జరిగాడు.

"గోడకు ఉన్నది పేటియా, నా పెండ్లానికి లేదు" అన్నాడు నాతో.

ఇడ్లీ తమిళామెను అడిగితే సామాన్లామె ఊళ్ల మీద తిరుగుతోందని, బట్టలన్నీ సందు చివర గుజరాతీ వాళ్ల పెరట్లో పడతాయని చెయ్యి చూపింది. అక్కడికి పోయాం. పెరడంటే పెరడు కాదు, బట్టల గుట్ట. పెళ్లి చీరలు, బడి నిక్కర్లు, పోలీసు చొక్కాలు, ఎవరి ఒంటి మీదివో అన్నీ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. ఒక ముసలి గుజరాతీ ఆమె మధ్యలో కూర్చుని గుండీలు తెంపుతోంది. హాతీరాం మోకాళ్ల మీద కూర్చుని చేతులతో గుట్టను తవ్వడం మొదలుపెట్టాడు.

"ఏయ్ బాబా, ఏం ఎతుకుతవ్?" అంది ఆమె.

"అద్దాల పేటియా. లంబాడీది. వానల్ల వచ్చింది."

ఆమె గుండీ తెంపడం ఆపింది. "అద్దాల మాలు ఇక్కడ ఒక్క రోజు సుత ఆగదు. ఖాదర్ భాయి తీస్కపోతడు. ఎదురు దుకాణం." అని, హాతీరాం లేవడానికి చేతులు ఊనుకోవడం చూసి, "నీళ్లు తాగి పో బాబా" అంది. ఆయన తాగలేదు.

ఖాదర్ భాయి దుకాణం ఆ బజారుకంతా అందమైనది. నిజం చెప్తున్నాను, ఇందులో కోత లేదు. గుమ్మం నుంచి పైకప్పు దాకా చేతిసంచులు, దిండు గలీబులు, నడుము పట్టీలు, గోడకు తగిలించుకునే పటాలు వేలాడుతున్నాయి. ఏది చూసినా అద్దాలే. లోపల బల్బు ఒక్కటే, అద్దాలన్నిట్లో అదే. తెల్ల గడ్డం మనిషి మిషను మీద వంగి ఉన్నాడు.

హాతీరాం ఒక్కొక్క సంచినీ తిప్పి చూస్తూ పోయి ఒకచోట ఆగాడు. ఎర్ర సంచి. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ మాసిక.

"ఇది నా రుమాలు" అన్నాడు.

"సంచి అది, రుమాలు గాదు" అన్నాడు ఖాదర్ భాయి తలెత్తకుండా.

"నా నెత్తి రుమాలు. పెండ్లయిన ఏడు పొయ్యికాడ నిప్పు రవ్వ పడి దీనికి బొక్క పడ్డది. నా రుమాలు చింపి మాసిక ఏసుకున్నది. ఇది నా పెండ్లాం పేటియా."

మిషను ఆగింది. ఖాదర్ భాయి కళ్లద్దాలు తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నేను విషయం చెప్పాను. ఆయన లేచి వచ్చి హాతీరాం చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టాడు.

"ఇన్ని ఏండ్ల సంది కోస్తున్న. మూటలొస్తయ్ గని, మూటల ఎనక మనుషులు ఎన్నడూ రాలే భాయ్" అన్నాడు.

"మిగిలింది ఏది?"

"హైదరాబాదు పాయె, ఎటెటో పాయె. ఫోన్ల చూసి కొంటరు."

"తిరిగి కుట్టరాదా?"

"ఉన్నది ఈ జానెడే. జానెడు గుడ్డతోని పావడా నేనేంది, నా ఉస్తాద్ సుత కుట్టలేడు."

నేను సందు దొరికితే అబద్ధం దూర్చే మనిషిని. అప్పుడు ఒక్కటీ దొరకలేదు. ఖాదర్ భాయే నిచ్చెనెక్కి పైనుంచి ఒక మూట దించాడు. విప్పితే ఇంకో పేటియా, నిండుది, కత్తెర పడనిది. కర్ణాటక వైపు నుంచి వచ్చిందన్నాడు. ఎరుపు అదే, అద్దాలు అవే, కింద అంచంతా గవ్వల వరస.

"ఇది తీస్కపో. ఆమె మనసు నిండుతది."

హాతీరాం నా వైపు చూశాడు. నేనే అన్నాను. "తీసుకో బావా. చెల్లెకు కండ్లు ఆనుతలేవు. ఎరుపు ఎరుపే గదా."

ఆయన పేటియాను మూటగట్టుకున్నాడు, సంచిని మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. డబ్బు మాట ఖాదర్ భాయి ఎత్తనివ్వలేదు. తిరిగి వస్తుంటే జిలేబీ మార్వాడీ నన్ను గుర్తుపట్టి పిలిచాడు. వినపడనట్టు నడిచాను.

తండాకు చేరేసరికి పొద్దు వాలుతోంది. మంగ్లి వాకిట్లో మంచం మీద, గోడకు ఆనించిన రెండు దిండ్ల మీద ఉంది. కళ్యాణి గుమ్మంలో నిలబడి మా మొహాలు చూస్తోంది. హాతీరాం పేటియాను మంగ్లి ఒళ్లో పరిచాడు.

"బాగ ఎండింది. సూడు" అన్నాడు.

మంగ్లి చేతులు దాని మీద నెమ్మదిగా నడిచాయి. నడుము నుంచి కుచ్చెళ్ల మీదుగా అంచు దాకా పోయి, గవ్వల దగ్గర ఆగాయి.

"ఎవరిదిది?"

హాతీరాం గవ్వల మీంచి చూపు తిప్పుకున్నాడు. నాకు పని పడింది.

"నీదే చెల్లే! ఖమ్మం గాలికి జర ఒళ్లు చేసింది. అక్కడ బట్టలు సుత పూటకింత బిర్యానీ తింటయ్. గవ్వలంటవా, అది మున్నేరు వాగుల తానం చేసి వస్తుంటే గవ్వలొచ్చి అంటుకున్నయ్."

మంగ్లి నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

"ఇన్నేండ్ల సంది అబద్ధాలు చెప్తున్నవ్ అన్నా. ఒక్కపాలి సుత గింత అధ్వానంగ చెప్పలే."

తర్వాత గవ్వలను వేళ్లతో తడుముతూ అంది. "మా అయ్యకు గవ్వలు కొనే తాహతు యాడిది? ఇది బాగ బతికిన ఇంటి పిల్లది. ఎంత సన్నగ కుట్టింది సూడు. నేను గిది కట్టుకొని పోత. ఆమె అక్కడ ఎదురొచ్చి, నా పేటియా నీ ఒంటి మీద ఎట్లున్నదే అని అడిగితే ఏం జెప్పాలె? మా అన్న చెప్పిన మున్నేరు కత చెప్పాల్నా?"

ఎవరూ నవ్వలేదు. హాతీరాం చొక్కా లోంచి సంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మాసికను ఇట్టే పట్టుకుంది.

"నీ రుమాలు" అంది. జిప్పు మీద వేలు పెట్టి అటూ ఇటూ లాగింది. "మిగిలింది?"

"గంతే."

అప్పుడు కళ్యాణి వచ్చి మంచం కోడు పట్టుకుని కూలబడింది. "నేనే అత్తా. ఎరుక లేక ఏసిన. స్టీలు బిందెకు ఏసిన."

మంగ్లి తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాను. సంచిని బోర్లించి, తిప్పి, లోపల చెయ్యి పెట్టి తడిమింది. లోపల ఎవరిదో నల్ల అస్తరు.

"బిందె మంచిదేనా? కారుతలేదు గదా?" అంది.

కళ్యాణి ఏడుపు తండా అంతా వినపడింది.

మంగ్లి ఆ వారం దాటలేదు. కొడుకు శ్రీధర్ కొత్తగూడెం నుంచి కొత్త చీర తెచ్చాడు, అదే కట్టారు. పాడె మీద సంచి పెట్టబోతే తండా పెద్ద అడ్డం వచ్చాడు. "బ్యాగు పెడ్తరా ఏడనన్న? పట్నపోళ్ల బ్యాగు. కావాల్నంటే ఆ పట్టీలు, ఆ జిప్పు కోసి గుడ్డ మాత్రం ఎయ్యుండ్రి" అన్నాడు. శ్రీధర్ కత్తెర కోసం లోపలికి పోయాడు.

"కత్తెర పెట్టకుండ్రి" అన్నాడు హాతీరాం. "దానికి కత్తెరలు సాలు."

ఆయనే సంచి పట్టీని ఆమె భుజానికి తగిలించాడు. మా వైపు ఆడవాళ్లు కొత్తగూడెం బస్సెక్కేటప్పుడు ఎలా వేసుకుంటారో అలా, సంచి ముందుకు వచ్చేటట్టు. నేను ఏదైనా అనాలని జనం నా వైపు చూశారు. చావింట్లో కూడా ఏదో ఒకటి అని నలుగురినీ నవ్వించే మనిషినని నాకు పేరు. కట్టెలు సర్దే వంకతో అవతలికి పోయాను.

దినాలు అయ్యాక హాతీరాం, నేను ఆ నిండు పేటియాను పట్టుకుని మళ్లీ సీమచింత బజారుకు పోయాం. ఖాదర్ భాయి మూట విప్పి చూసి, మళ్లీ కట్టి హాతీరాం చేతిలోనే పెట్టాడు.

"నా దగ్గరుంటే రేపో ఎల్లుండో కత్తెర పెడ్త. పొట్ట తిప్పలు భాయ్. నీ ఇంట్ల ఉంటే పేటియా లెక్క ఉంటది" అన్నాడు.

ఇప్పుడది హాతీరాం ఇంట్లో దండెం మీద ఉంది. కట్టుకునేవాళ్లు లేరు, పారేసే ధైర్యం ఎవరికీ లేదు. కళ్యాణి అప్పుడప్పుడు దాన్ని ఎండకు వేసి, గవ్వలు ఊడకుండా పక్కన కూర్చుంటుంది. అటుగా పోయే ఆడవాళ్లు ఆగి, ఎంత బాగుందే, ఎవరిది అని అడుగుతారు.

"తెల్వదు" అంటుంది.