అరిదళం బొమ్మ

2023 ఆగస్టు పదకొండు, శుక్రవారం. ఆ రోజు ఎమ్మిగనూరులో దేవేంద్రప్ప ఇంట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాము. నూనె చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అతని కోడలు ఉమాదేవి పెట్టె తాళం తీసింది. వాళ్ల పూర్వీకుల వైద్యగ్రంథాన్ని నేను మొదటిసారి చూసింది అప్పుడే.

దేవేంద్రప్పా నేనూ ఆదోని కాలేజీలో కెమిస్ట్రీ చదివాము. నేను డిగ్రీ పూర్తిచేసి బ్యాంకులో చేరాను. అతను రెండేళ్లకే మానేసి తండ్రి మగ్గం మీద కూర్చున్నాడు. ఇప్పుడు మోకాళ్లు అరిగి ఆ మగ్గమూ మానేశాడు. పుస్తకంలోని బొమ్మలన్నీ సెల్‌ఫోనులో ఫోటోలు తీసిపెట్టమని నన్ను పిలిచాడు. నా భార్య పోయాక ఎవరైనా రమ్మనడమే నాకు గొప్ప.

మూలికల బొమ్మలు సులువు. ఆకు, పువ్వు, వేరు వేస్తే మొక్క తెలిసిపోతుంది. గుగ్గిలానికి చెట్టు వేసి, మానుకు గాటు పెట్టి, కింద కారుతున్న చుక్కలు వేశారు. ఆ చుక్కలు ఇప్పటికీ తడిగా ఉన్నట్టు మెరుస్తాయి. రాళ్లకు ఆకూ లేదు, వేరూ లేదు. అందుకని ఒక గుట్ట, దాన్ని గడ్డపారతో తవ్వే మనిషి, పక్కన పళ్లెంలో ఒక ముద్ద. ఇంగిలీకానికైనా, మైలుతుత్తానికైనా, అరిదళానికైనా అదే గుట్ట, అదే మనిషి. ముద్ద రంగు ఒక్కటే తేడా. ఎరుపు, నీలం, పసుపు. ఆ ముద్దలకు మాత్రం గోడకు సున్నం పట్టించినట్టు రంగు మందంగా పూశారు.

"పోయినతూరి ఫోటోలు మసకగా వచ్చినాయి జయన్నా, మళ్లా రా" అని దేవేంద్రప్ప నెలకోసారి ఫోన్ చేసేవాడు. నేను బస్సెక్కేవాణ్ణి. పెట్టె తెరిచినంతసేపూ ఉమాదేవి నా చేతులనే చూస్తూ కూర్చునేది. పాత సామాన్లు కొనేవాళ్లు ఒకసారి వచ్చి బేరమాడి పోయినప్పటినుంచీ తాళంచెవి ఆమె మెడలోనే ఉంటుంది.

మరుసటి ఏడు వేసవిలో ఒకరోజు దేవేంద్రప్ప కాలినుంచి చెప్పు జారిపోయింది. అతను ఒట్టి కాలితో వాకిలి దాకా నడిచాడు. కాలే ఎండలో నిలబడి నాతో మాట్లాడుతున్నాడు గాని, చెప్పు లేదన్న సంగతి అతనికి తెలియలేదు. అరచేతులు చూస్తే ఆనెకాయల్లాంటి గట్టి మచ్చలు. ఆదోనికి వచ్చి పాత ఫోటోలు, కొత్త ఫోటోలు పక్కపక్కన పెట్టి చూశాను. అరిదళం ముద్ద సగం లేదు. ఎవరో అంచునుంచి గీకుతున్నారు.

అరిదళం అంటే ఆర్సెనిక్ విషం; కాళ్లు మొద్దుబారడం, అరచేతుల్లో ఆ మచ్చలు దాని గుర్తులే. తాళంచెవి ఉమాదేవి దగ్గర. మామకు మజ్జిగ తెచ్చిచ్చేది ఉమాదేవి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరుసటి రోజే మళ్లీ వెళ్లాను. ఫోటోలు తీయడం అయ్యాక ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సార్, మీ సంచి ఒకసారి ఇప్పి సూపిస్తారా?"

"నా సంచా?"

"పసుపు రంగు మీరొచ్చి పోయినాకే తగ్గుతాంది. యాడికి పోతాంది?"

సంచి ఆమె చేతికిచ్చాను. "చూడమ్మా. మరి మీ మామ మజ్జిగలో నువ్వేం కలుపుతున్నావు?"

"ఉప్పు. ఇంగేం కలుపుతారు?" అంది. నా ముఖం చూసి సంగతి అర్థం చేసుకుంది. దేవేంద్రప్ప మంచం పక్కనున్న మజ్జిగ చెంబు ఎత్తి, ఒక్క చుక్క మిగలకుండా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. "సాలునా సార్?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా ఆలోచించాను. పెట్టె తెరిచేది నేను వచ్చినప్పుడే. ప్రతిసారీ దేవేంద్రప్ప ఆమెను టీకి పంపుతాడు. ఆమె లేచిపోగానే, "వాకిట్లో ఎలుతురులో ఫోటోలు ఎట్లొచ్చినాయో సూసుకోప్పా" అని నన్నూ పంపుతాడు. ఇద్దరమూ ఒకేసారి మంచం వైపు తిరిగాము.

"ఏందప్పా, ఇద్దరూ పోలీసులయితిరి?" అని నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. "అది బొమ్మ కాదు జయన్నా, మందే. శుద్ధి చేసిన అరిదళాన్నే పూసినారు మా పెద్దోళ్లు, అసలు రంగు గుర్తుండల్లని. గోటితో గీకి తేనెలో నాకితే మోకాళ్లు సర్దుకుంటాయని మా నాయన సెప్పినాడు."

"ఫోటోలు మసకగా వచ్చాయన్నావే?"

"శానా బాగొచ్చినాయిలే. నీ కూతురి పెండ్లి ఫోటోల కంటే బాగుండాయి."

"అది విషమని నీకు తెలీదా?"

"నేనూ రెండేండ్లు సదివినా గదప్పా. తెలుసు." మగ్గం గుంత వైపు చూశాడు. "దాన్ని సూస్తా ఊరికే కూసునేది నాతో కాలేదు."

ఉమాదేవి అతని పాదం ఒళ్లోకి తీసుకుని గిల్లింది. "తెలుస్తాందా మామా?"

"లేదు తల్లీ." అప్పుడు భయపడ్డాడు. "రేపు కర్నూలు పోదాం. బొమ్మ నాకినానని డాక్టరుకు నువ్వే సెప్పు జయన్నా. నాకు సిగ్గు."

ఆమె పెట్టెకు తాళం వేసి, తాళంచెవితో సహా నా ఒళ్లో పెట్టింది. "మీ ఇంట్లోనే ఉండనీండి సార్. ఇంత దుడుకు మాటన్నందుకు ఏమనుకోవద్దండి. అన్నం తిందురు రాండి."

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. దేవేంద్రప్ప మంచానికీ పెట్టెకూ మధ్యలో ఉమాదేవి నాకు పక్క వేసింది.

"జయన్నా, నిద్రపోతివా?" అన్నాడు చీకట్లో.

నేను పెట్టె మీద చెయ్యి వేసి ఉంచాను. అతను కాసేపు కదిలి, ఊరుకున్నాడు.

ఉమాదేవి వచ్చి ఇద్దరినీ చూసింది. వాకిట్లో ఉన్న నా చెప్పులు లోపల పెట్టి, గడియ చప్పుడు కాకుండా తలుపు వేసింది.