జీపీఎస్ పోయినా ఆగని ముల్లు

మా ట్రైనింగ్ సెంటర్‌లో రెండు సిమ్యులేటర్లున్నాయి. నేల వదలని విమానాలు. వాటి డయళ్లకు ప్రోగ్రాములు రాయడం పదకొండేళ్లుగా నా పని. ఈ మధ్యే ఒక మహానుభావుడు వచ్చి చేరాడు. నెల తిరక్కుండానే రెండో సిమ్యులేటర్‌కు కొత్త జీపీఎస్ డయల్ రాసేసి, ముల్లు ఎంత నున్నగా తిరుగుతోందో చూడండంటూ కనబడ్డవాళ్లందరి చెవులూ ఊదరగొట్టాడు.

"మేడమ్, ఒక్కసారి చూసిపెట్టరూ?" అన్నాడు ఆ పొద్దున నా దగ్గరికొచ్చి.

చూశాను. నవ్వాపుకోలేక చచ్చాను. విమానం ఎక్కడుందో సిమ్యులేటర్‌కు ఎప్పుడూ తెలుసు. దాన్ని ఎగరేస్తున్నదే అది కదా! డయల్ మాత్రం జీపీఎస్ చెప్పిందే చూపించాలి. ఈ పెద్దమనిషి జీపీఎస్ వంక కన్నెత్తి చూడకుండా, నేరుగా సిమ్యులేటర్‌నే అడిగేశాడు. అంటే జీపీఎస్ చచ్చినా ఈయనగారి ముల్లు చావదు. ఓనమాలు రానివాడు చేసే తప్పు. ఇలాంటివాణ్ని నా పక్క సీట్లో కూర్చోబెట్టారు, నా ఖర్మ.

"భలే రాశావయ్యా," అన్నాను.

సాయంత్రం నాలుగింటికి డైరెక్టర్‌కు దాన్ని చూపిస్తాడట. జీపీఎస్ ఆపి చూపించమని ఆయన అడక్కుండా ఉండడు. అప్పుడు వీడి మొహం చూడాలి. నాకు కావలసింది అదే.

వరండాలో మా చెల్లెలు ఎదురైంది. ఆ రోజే దాని పైలట్ పరీక్ష, నా డయల్ ఉన్న మొదటి సిమ్యులేటర్ మీద. ఇది మూడో ప్రయత్నం. ఇది కూడా పోతే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు.

"ఏంటక్కా, తెగ హుషారుగా ఉన్నావు?"

"నాలుగింటిదాకా ఆగు, తమాషా చూద్దువుగాని. ఒకడి బండారం బయటపడుతుంది."

పదకొండింటికి మొదటి సిమ్యులేటర్ పెడల్ విరిగింది. ఎగ్జామినర్ వాచీ చూసుకుని, మా చెల్లెల్ని రెండోదాంట్లో కూర్చోమన్నాడు.

అద్దం ఇవతల నిలబడి చూస్తున్నాను. పక్కనే మహానుభావుడు, మొహం వెలిగిపోతూ. సగం దారిలో ఎగ్జామినర్ చప్పుడు చేయకుండా జీపీఎస్ ఆపేశాడు. అది పోయిందని అభ్యర్థి కనిపెట్టి, పైకి చెప్పి, దిక్సూచి మీద నడపాలి. కానీ డయల్ మీద ముల్లు వయ్యారంగా తిరుగుతూనే ఉంది. మా చెల్లెలు దాన్నే నమ్ముకుని పోతోంది.

తలుపు తీసి "ఆపండి" అంటే చాలు. కానీ నీకెప్పుడు తెలిసిందని అడుగుతారు కదా. నోరు మూసుకున్నాను.

"ఫెయిల్," అంటూ బయటికొచ్చాడు ఎగ్జామినర్. "జీపీఎస్ పోయి ఆరు నిమిషాలైంది. ఈ అమ్మాయికి పట్టనే లేదు."

వెనకాలే వచ్చిన చెల్లెలి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అదెలా సార్, ముల్లు ఆగలేదే!" అంటూ మహానుభావుడు కంప్యూటర్ మీద పడ్డాడు. రెండు నిమిషాల్లో తల పట్టుకుని లేచాడు. "తప్పు నాది సార్. జీపీఎస్‌ను వదిలేసి నేరుగా సిమ్యులేటర్ నుంచి తీసుకున్నాను. ఈ అమ్మాయి ఏం చేస్తుంది పాపం? కావాలంటే నా పేరు మీద రాసుకోండి."

అంతమంది ముందు, తడుముకోకుండా చెప్పేశాడు. ఎగ్జామినర్ ఆ ఫలితం కొట్టేసి, పెడల్ బాగయ్యాక రేపు మళ్లీ రమ్మన్నాడు.

అప్పుడు వాడు నావైపు తిరిగాడు. "మేడమ్, పొద్దున మీరు చూశారుగా. మీక్కూడా కనిపించలేదా?"

ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగానే అడుగుతున్నాడు. కనిపించిందంటే దుర్మార్గురాలిని. లేదంటే చేతగానిదాన్ని.

"కనిపించలేదు," అన్నాను.

"పోన్లెండి మేడమ్, ఒక్కోసారి అంతే. ఇకమీదట ఇద్దరం కలిసి చూసుకుందాం," అని ఓదార్చాడు. వాడు! నన్ను!

చెల్లెలు హెడ్‌సెట్ తీసి నా చేతిలో పెట్టింది.

"నాలుగింటిదాకా ఆగక్కర్లేకపోయింది కదక్కా," అంది. "తమాషా చూశాను."