మూడిండ్ల గోళీలు

ఈశ్వరమ్మకు మతి పోయిందన్న సంగతి జనగామ బట్టల బజారులో అందరికీ తెలుసు. పోయిన మతి ఎక్కడికి పోయిందని మాత్రం ఎవరూ అడగలేదు. అది వెతకడం తన పనేనని డాక్టర్ ప్రసూనకు కూడా మొదట్లో తోచలేదు. ఆమె మంచి పిల్లే, కాదనను. అయినా తోచలేదు.

ప్రసూన వృద్ధుల వైద్యంలో పీజీ చేస్తోంది. గుండె డాక్టరో పిల్లల డాక్టరో కాకుండా ముసలివాళ్ల డాక్టరేమిటని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. "ముసలితనానికి మందేముంటది బిడ్డా?" అని మేనమామ మొహం మీదే అడిగాడు. ఆమె పట్టుదల మాత్రం వదల్లేదు. ఆమె గురువు ప్రొఫెసర్ వెంకట్రాం ఆ ఏడు ఒక పరిశోధన మొదలుపెట్టారు. జనగామలో డెబ్బై దాటినవాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్ల జ్ఞాపకశక్తి, నడక, వాడే మందులు చూడాలి. ఆరు నెలలకు మళ్లీ వెళ్లి ఏం మారిందో చూడాలి. ఇల్లిల్లూ తిరిగే పని ప్రసూనది.

మార్చి నెలలో ఆమె సోమనర్సయ్య ఇంటికి వెళ్లింది. కింద బట్టల దుకాణం, పైన కాపురం. ఆయన తల్లి ఈశ్వరమ్మ కుర్చీలో తల వాల్చుకుని ఉంది. ఒకప్పుడు ఆ దుకాణంలో ఆమె చీర మడత విప్పి చేతిలో పెట్టిందంటే కొనకుండా మెట్లు దిగినవాళ్లు లేరట. ఇప్పుడు పెదవులు ఎండి పొరలు లేచి ఉన్నాయి.

"అమ్మా, ఇయ్యాల ఏ వారం?" అంది ప్రసూన, నిలబడే.

ముసలామె కళ్లు సగం తెరిచి నోరు కదిపింది. మాట రాలేదు. ప్రసూన మరో రెండు ప్రశ్నలు గబగబా అడిగేసి కొడుకు వైపు తిరిగింది.

"ఈమెతోటి లాభం లేదన్నా. మీరే చెప్పుండ్రి."

ఆయన చెప్పాడు, ఆమె రాసుకుంది. ఇచ్చిన చాయ తాగి ఇంకో ఇంటికి వెళ్లింది. ఎండ మండుతోంది, చూడాల్సిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఆమె స్థానంలో ఎవరున్నా అంతే చేసేవాళ్లు, వచ్చిన చిక్కల్లా అదే.

బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా రెండోసారి వెళ్తే ఈశ్వరమ్మ ఇంట్లో లేదు. వారం ఆగి వెళ్లినా లేదు. రెండుసార్లు దొరక్కపోతే ఆ మనిషిని పరిశోధనలోంచి తీసేయాలని నియమం. ప్రసూన తీసేసింది. అట్లా తీసేసినవాళ్లు చాలామందే తేలారు. వెంకట్రాం కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఆమెను చూశారు.

"దొరకలేదంటే ఏందమ్మా? గడప దాటాలంటే ఇద్దరు పట్టుకోవాల్సినోళ్లు. గింతమంది యాడికి పోయిన్రు?"

"ఊళ్లకు పోయిన్రట సార్."

"ఎవల ఊళ్లకు? ఎందుకు? దొరికినోళ్లు మంచిగున్నరని రాసుకొని మనం సంబురపడుదుమా? బాగలేనోళ్లే దొరకకుంట పోతున్నరేమో, ఎన్నడన్న ఆలోచించినవా?"

ఆమె ఆలోచించలేదు. అక్కడి నుంచి తిన్నగా సోమనర్సయ్య దుకాణానికే వెళ్లింది.

"అమ్మ భూపాలపల్లిల ఉన్నది మేడం, మా చిన్నతమ్ముడు సునీల్ కాడ. ఇప్పుడు వానిది వంతు," అన్నాడాయన గుడ్డ కొలుస్తూనే.

తండ్రి పోయినప్పటి నుంచి ఈశ్వరమ్మ ముగ్గురు కొడుకుల దగ్గరా నాలుగేసి నెలలు ఉంటోంది. జనగామలో పెద్దవాడు సోమనర్సయ్య, మానుకోటలో మిర్చి వ్యాపారం చేసే రఘునాథ్, ఆ తర్వాత భూపాలపల్లిలో గని కార్మికుల కాలనీ ముందు కిరాణా నడిపే సునీల్. వంతులనగానే తల్లిని బరువనుకునే కొడుకులని మీరనుకుంటారు. వీళ్లు అట్లాంటివాళ్లు కారు. తన ఇంట్లో ఉన్నప్పుడు తల్లికి తలనొప్పి వచ్చిందని రేపు అన్నదమ్ములు అంటారేమోనని, తుమ్మితే దవాఖానకు తీసుకుపోయే రకం.

"ఇగ ఈ వంతులు గూడ బందే," అన్నాడు సోమనర్సయ్య. కత్తెర పక్కన పెట్టాడు. "మానుకోటల ఉన్నప్పుడు ఇంట్లకెళ్లి బజాట్లకు పోయి లారీ ముంగట పడ్డది. కొద్దిల తప్పింది. హన్మకొండల ఒక ఆశ్రమం మాట్లాడినం, మతి లేనోళ్లదే. గేటుకు తాళమేసి ఉంటది. కార్తీకం దాటినంక తోలుతం. మాకు ఇష్టమై గాదు మేడం. పరేషాన్ అయితున్నం." ఆయన మళ్లీ కత్తెర అందుకున్నాడు.

ఆదివారం ప్రసూన భూపాలపల్లి వెళ్లింది. ఈశ్వరమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. సునీల్ భార్య సుమ మందులు తెచ్చి మంచం అంచున పెట్టింది. ఒక సంచి కాదు, మూడు.

"ఏ ఇంటి గోళీలు ఆ ఇంటి సంచిల పెట్టిన," అంది సుమ. "మూడిండ్లయీ ఎయ్యాలె గద. మా దగ్గరికొచ్చినంక బావోళ్ల డాక్టరు రాసినయి బంద్ జేస్తే వాళ్లు చిన్నబుచ్చుకుంటరు."

ఏ గోళీ ఎప్పుడు మొదలైందో, అప్పుడు అత్తమ్మకు ఏమైందో ప్రసూన ఒక్కొక్కటే అడిగింది. సుమ గుర్తు తెచ్చుకుని చెబుతూ ఉంటే గోళీలను వరసగా దుప్పటి మీద పేర్చింది. మొదటిది జనగామలో బీపీకి రాసింది. ఆ మందుకు కొందరికి కాళ్లు వాస్తాయి. ఆ వాపు మానుకోట చేరాక కనబడింది. అక్కడి డాక్టరు వాపు దిగడానికి ఇంకో గోళీ ఇచ్చాడు. దానితో ఒంట్లో నీరంతా మూత్రంగా పోవడం మొదలై, భూపాలపల్లికి వచ్చేసరికి రాత్రంతా లేవడమే సరిపోయింది. ఇక్కడి డాక్టరు అది ఆగడానికి గోళీ రాశాడు. ఆ రకం గోళీ ముసలివాళ్లకు నోరు ఎండగొడుతుంది, మెదడును మబ్బు కమ్మిస్తుంది. తిరిగి జనగామ చేరేటప్పటికి ఆమె రాత్రుళ్లు లేచి ఏదేదో మాట్లాడుతోందని నిద్ర గోళీ పడింది. ఎవరి ఊళ్లో వాళ్ల వైద్యం సరైనదే. ఈశ్వరమ్మతో పాటు జబ్బు కూడా వంతులు తిరిగింది, అంతే. ముందటి ఊళ్లో ఏం జరిగిందో ఏ డాక్టరూ అడగలేదు.

అడగని డాక్టర్లలో తానూ ఉన్నానని ప్రసూనకు అప్పుడే తెలిసింది. మార్చిలో పెద్దకొడుకు నోటి నుంచి ఆమె రాసుకున్నది జనగామ గోళీల పేర్లే.

ఫోన్ చేస్తే సాయంత్రానికి మిగతా ఇద్దరు కొడుకులూ వచ్చారు. గోళీలు తీసేద్దామనగానే ముగ్గురి మొహాలూ మాడిపోయాయి.

"తగ్గనీకి ఎక్కువ ఎయ్యాలె గానీ తీసేసుడేంది మేడం?" అన్నాడు రఘునాథ్. "రేపు ఏమన్నయితే? మా ఇంటి గోళీ బంద్ జేసినందుకే అయిందని నేను జన్మంత ఏడ్వాల్నా?"

"అయితే మాది తియ్యిమంటవా?" అన్నాడు సోమనర్సయ్య.

సునీల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మంచం మీది మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు, ప్రసూన కూడా.

ప్రసూన బయటికి వెళ్లి వెంకట్రాంతో ఫోన్‌లో చాలాసేపు మాట్లాడి వచ్చింది. "ఒక్కపారే కాదు. ఒక్కొక్కటి, నిదానంగ. బీపీ గోళీ మారుస్తం. నిద్ర గోళీ కొంచెం కొంచెం తగ్గిస్తం. సుమక్క రోజు బీపీ చూసి నాకు చెప్తది. ఏమన్నయితే మీలో మీరు అనుకోవద్దు, నన్ననుండ్రి. కార్తీకం దాక టైమియ్యిండ్రి." మాట ధైర్యంగానే వచ్చింది. కారెక్కాక మళ్లీ వెంకట్రాంకు ఫోన్ చేసి, తాను చెప్పింది సరైనదేనా అని అడిగింది.

మొదట్లో అంతా అడ్డం తిరిగింది. ఈశ్వరమ్మ నిద్ర పట్టక అరిచింది, అన్నం పళ్లెం తోసేసింది. రఘునాథ్ ఫోన్ చేసి నానా మాటలూ అన్నాడు. ప్రసూన అన్నీ పడింది, మళ్లీ భూపాలపల్లి వెళ్లింది, తగ్గించే జోరు ఇంకా తగ్గించింది. దసరా వెళ్లాక కాళ్ల వాపు దిగింది, నోటికి తడి వచ్చింది. ఒక పొద్దున "సుమా, చాయల చక్కెర ఎయ్యలేదా?" అని వినబడితే సుమ గ్లాసు జారవిడిచిందట.

కార్తీకం నడుమ సునీల్ ఫోన్ చేశాడు.

"మేడం, అమ్మ పొద్దుగాల్ల నన్ను పక్కకు కూసోవెట్టుకున్నది. ఆ తాళమేసే ఇంటికి ఎప్పుడు తోలుతరు కొడుకా, చీరెలు సర్దుకుంట అన్నది. మేం ఆమె ముంగట్నే మాట్లాడుకున్నం మేడం. ఆమెకేం తెలుస్తది అనుకున్నం." వయసొచ్చిన మగవాడు, పసిపిల్లవాడిలా ఏడ్చాడు. ఆశ్రమం మాట ఆ రోజుతో పోయింది.

ప్రసూన సంతోషం పట్టలేకపోయింది. కానీ ఫోన్ పెట్టేశాక మార్చిలో తానన్న మాట గుర్తొచ్చింది. కొడుకుల మాటలన్నీ విన్న మనిషి, తన మాట వినకుండా ఉంటుందా?

వెంకట్రాం పరిశోధన నియమం మార్చారు. వంతుకు వెళ్లిన ముసలివాళ్లను ఇక వదిలేయరు, ఏ కొడుకింట్లో ఉంటే ఆ ఇంటికే వెళ్తారు. ఆ తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు జనగామలో శిక్షణ పెట్టి, ఒప్పుకుంటే ఈశ్వరమ్మను కూడా రమ్మన్నారు. ఆమె పట్టుచీర కట్టుకుని మరీ వచ్చింది.

మూడు ఊళ్ల గోళీలు ఎట్లా ఒకదాని వెంట ఒకటి వచ్చాయో ప్రసూన చెప్పింది. ఒక కుర్ర డాక్టరు లేచి, ఈశ్వరమ్మ వెనక నిలబడ్డ సోమనర్సయ్యను అడిగాడు. "ఇప్పుడు ఆమెకు నిద్ర పడుతోందా అండీ?"

"నాకు నోరున్నది గద నాయినా," అంది ఈశ్వరమ్మ. "నన్నే అడుగు."

అందరూ నవ్వారు. ప్రసూన నవ్వలేకపోయింది. ముసలామె ప్రసూన వైపు తిరిగింది.

"ఈ డాక్టరమ్మ గూడ మొదాలు గంతే. నిలవడి అడిగింది. ఏ వారమన్నది. బేస్తవారమని నాకెరుకే బిడ్డా. నాలిక పిడచగట్టుకపోయి మాట బయటికి రాలే. ఈమెతోటి లాభం లేదని నువ్వు అటు తిరిగినవు. జర ఆగితే చెప్పేదాన్ని."

ఆ గొంతులో కోపం లేదు, ఉంటే ప్రసూనకు కాస్త తేలికయ్యేది. ఆమె కుర్చీ లాక్కుని ఈశ్వరమ్మకు ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"తప్పు నాదే అమ్మా. నేను ఆగలే."

"కానియ్యి. ఇప్పుడు అడుగు మరి."

"ఇయ్యాల ఏ వారం అమ్మా?"

ఈశ్వరమ్మ వెంటనే చెప్పలేదు. కళ్లు మూసుకుంది, వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంది, మధ్యలో మరిచి మళ్లీ మొదటికి వచ్చింది. సోమనర్సయ్య అందించబోతే ప్రసూన చెయ్యెత్తి వారించింది.

ఈసారి ప్రసూన ఆగింది.