మూడు వేళ్లు, తొంభై మైళ్లు

ముప్పై ఆరు వేల అడుగుల నుంచి ఆరు వేలకు దిగాలి. అంటే ముప్పై వేలు. వేలికి పది వేల అడుగులు, కణుపుకు పది మైళ్లు. లాలాగూడలో ఎక్కిన బస్సులో కిటికీ పక్కన కూర్చుని సామేలు ఎడమచేతి బొటనవేలిని చూపుడువేలి మీద పాకించాడు. పది, ఇరవై, ముప్పై. నడిమివేలు మీద నలభై, యాభై, అరవై. ఉంగరపువేలు దగ్గరికొచ్చేసరికి బొటనవేలు ఎక్కడుందో చెయ్యి చెప్పడం మానేసింది. కళ్లు దించి చూసుకున్నాడు. వేలు మీద వేలు ఉంది. ఉన్నట్టు మాత్రం లేదు.

వారం నుంచి ఇదే వరస. పొద్దున చాయ్ గ్లాసు జారితే భార్య సోమమ్మ ఊరుకోలేదు.

"ఏందయ్యా, గ్లాసు పట్టుకుంటున్నవా, దానికి చెయ్యి చూపెడుతున్నవా? వారం సంది తిమ్మిరేంది? దవాఖానకు పోదాం పా."

"ఇయ్యాల పిల్లకు పరీక్ష ఉన్నదే. రేపు పోదాం."

ఆ రేపుకు అప్పటికే నాలుగు రోజుల వయసు.

జనగామ పక్క పల్లెలో, దొర చేలో అరక పట్టిన తండ్రి వెనక సాలు చూస్తూ పెరిగినవాడు సామేలు. వైమానిక దళంలో మెకానిక్‌గా చేరి, పైలట్లు నేల మీదే విమానం నేర్చుకునే సిమ్యులేటర్ గదిలో ముప్పై ఒక్క ఏళ్లు గడిపాడు. నిజం జెట్టు ఒక్కనాడూ ఎక్కలేదు. అయినా జెట్టులో పెన్సిలు పట్టే తీరిక ఉండదని, ఒక చెయ్యి విమానాన్ని తిప్పే కట్టె మీద, ఒక చెయ్యి ఇంజను మీట మీద ఉండగా లెక్క బుర్రలోనే తేలాలని అతనికి తెలుసు. ఎత్తు వేలల్లో ఎంతో దానికి మూడింతల మైళ్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. వేలికి మూడు కణుపులు దేవుడే పెట్టాక గుణకారం ఎందుకన్నది సామేలు కనిపెట్టిన కిటుకు. రిటైరయ్యాక యూనివర్సిటీ షెడ్డులోని పాత సిమ్యులేటర్ దగ్గర ఇదే పాఠం చెబుతున్నాడు. చెప్పడానికి అతని దగ్గర ఇంకో పాఠం లేదు.

తార్నాకలో దిగి, క్యాంపస్ చెట్ల నీడలు పట్టుకుని షెడ్డు చేరేసరికి పరీక్ష ఉన్న శిష్యురాలు ధరణి గుమ్మంలోనే ఉంది. ఈ పరీక్ష నెగ్గితే నిజం విమానం ఎక్కేవాళ్ల జాబితాలో పేరు పడుతుంది. తప్పితే ఆరు నెలలు ఆగాలి. ఆగితే వయసు హద్దు దాటిపోతుంది.

"సార్, మీరు విమానం నడపకుండనే గింతమందిని ఎట్ల నడిపించిన్రు?" భయం కప్పుకోవడానికి నవ్వింది.

"అరక పట్టినోడు ఎడ్ల ముంగట నడుస్తడా బిడ్డా? ఎనకనే ఉంటడు. పా."

ధరణి ఎడమ సీట్లో, సామేలు పక్క సీట్లో కూర్చున్నారు. వెనక బల్ల దగ్గర పరీక్ష పెట్టే రఘువీర్ మీట నొక్కగానే తెరలన్నీ ఆరిపోయాయి. మిగిలినవి దూరం చూపే ముల్లు, దిక్కు ముల్లు, ఎత్తు ముల్లు, గడియారం. గాలి పక్కకు తోస్తోంది. ఒక్క డిగ్రీ వంకరపోతే అరవై మైళ్లకు ఒక మైలు తప్పుతుంది. సాలు మొదట్లో వేలెడు వంకరే గట్టు చేరేసరికి బారెడవుతుందని సామేలు చెప్పే మాట. ధరణి రెండు డిగ్రీలు దిద్దింది. ముల్లు కుదురుకుంది.

దిగే లెక్క పక్క సీటువాళ్లు ముందు చెప్పాలి. నడిపేవాళ్లు ఔననాలి, కాదంటే ఇద్దరూ మళ్లీ లెక్కపెట్టాలి. అది పద్ధతి. సామేలు బొటనవేలు వేళ్ల మీద పాకింది.

"అరవై."

ధరణి పెదవులు కదిలాయి. అతని ముఖం చూసింది. "అరవై," అంది.

దూరం ముల్లు తొంభై దాటుతుండగా ఆమె చెయ్యి మీట దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. కంగారు పడుతోందనుకున్నాడు సామేలు. అరవైకి దిగడం మొదలైంది. ముప్పై మైళ్లు మిగిలేసరికి ఎత్తు ఇంకా ఇరవై ఆరు వేలు. ఈసారి సామేలు కుడిచేత్తో లెక్కపెట్టాడు. ఆ చేతికి కణుపు కణుపూ తెలిసింది. మూడు వేళ్లు, తొంభై మైళ్లు. ఒక వేలు మొత్తానికే మింగేశాడు.

విమానాశ్రయం మీదికి పదహారు వేల ఎత్తులో వచ్చారు.

"పదివేలు ఎక్కువ," అన్నాడు రఘువీర్. "లెక్కెవరిది ధరణీ?"

"నాదే సార్."

"కాదు సార్," సామేలు లేచాడు. "నేనే తప్పు చెప్పిన. చెయ్యి పనిచేస్తలేదు. పిల్లకు ఇంకోపారి పెట్టున్రి."

రఘువీర్ కలానికి మూత పెట్టాడు. "సామేలు గారూ, కంట్రోలు ఎవరి చేతిలో ఉంటే తప్పు వాళ్లదే. ఈ మాట నాకు మీరు నేర్పిందేనండీ. రికార్డు పైకి వెళ్లిపోయింది. నేనేం చెయ్యను చెప్పండి?"

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ధరణి మెట్ల మీద కూర్చుంది.

"కాదని ఎందుకనలె బిడ్డా?"

"వారం సంది తప్పుతున్నది సార్. క్లాసుల అందరం చూసినం. మీరు చిన్నబుచ్చుకుంటరని మాలో మేమే దిద్దుకున్నం. ఇయ్యాల గూడ అందామనే అనుకున్న." చున్నీతో ముఖం తుడుచుకుంది. "నోరు రాలె."

తిట్టినా బాగుండేది. ఇంతమంది పిల్లలు వారం రోజులు తన గౌరవాన్ని మోశారు. ఆ బరువంతా చివరికి ఈ ఒక్కదాని మీద పడింది. ఆమె తల మీద చెయ్యి పెట్టబోయాడు. లేచింది ఎడమ చెయ్యి. సగంలోనే దించేశాడు.

లోపలికి వెళ్లి షెడ్డు తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "రేపటి సంది రాను సార్."

"ఆటో పిలవనాండీ?" అన్నాడు రఘువీర్.

"బస్సున్నది."

తార్నాక స్టాపులో నిలబడి సోమమ్మకు ఫోన్ చేశాడు. "దవాఖాన కాడికి రా," అన్నాడు. బస్సు వచ్చింది. కుడిచేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కాడు. లాలాగూడ వైపు బస్సు మలుపు తిరిగింది.

షెడ్డులో రఘువీర్ దీపాలు ఆర్పాడు. యంత్రం వేడెక్కకూడదని ఏసీ మాత్రం ఉంచాడు. పక్క సీటు వీపుకు, నడి మే నెలలో, ఏసీ చలికి సామేలు వేసుకునే బూడిదరంగు ఉన్ని స్వెటర్ వేలాడుతోంది. వేళ్లు లెక్కపెడుతూ సీటు అంచుకు ఆనించిన దాని ఎడమ మోచెయ్యి జల్లెడలా అరిగిపోయి ఉంది.