దొర కొలతల తొట్టి

ఆ పాత బాప్టిస్టు చర్చిని మిషనరీ దొర తన ఒంటి కొలతలతోనే కట్టించుకున్నాడని అందరూ ఆడిపోసుకుంటారు. ఆరడుగుల మనిషట. తలుపు గడియ ఎవరికీ అందదు. అందుకని ముక్కాలిపీట ఒకటి పక్కనే ఉంటుంది. ఎన్నడూ పడని మంచు జారిపోవడానికన్నట్టు కప్పు నిటారుగా లేచింది. ఇక ప్రసంగవేదిక బల్లచెక్కల కింద దాగిన బాప్తిస్మపు తొట్టి సరేసరి, పెద్ద లోతు.

చిట్టత్తకు ఆ తొట్టి అంటే హడల్. మనిషి నాలుగడుగుల మీద జానెడు. ఈ సంఘంలో నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే చెల్లదు, నిండా మునగాల్సిందే. పాటలన్నీ నోటికొచ్చినా, బాప్తిస్మం అనగానే మాట దాటేసేది. వాళ్లమ్మ మాత్రం పడుచుతనంలోనే అందులో దిగి మునిగింది. అమ్మ ధైర్యంలో పిసరంతైనా తనకు రాలేదని చిట్టత్తకు ఎప్పుడూ చిన్నతనమే.

మొన్న జబ్బుపడి లేచాక, ఇక ఆగనంది. ఈమధ్య బాప్తిస్మానికి అందరూ ఏటికే వెళ్తున్నారు గానీ, ఆవిడ మోకాళ్లు ఒడ్డు దిగనివ్వవు. అందుకని తాపీమేస్త్రి అయిన అల్లుడు చెక్కలు ఊడదీసి, పాత తొట్టిలో బురద ఎత్తిపోశాడు.

"అత్తయ్యా, ఒకసారి ఇలా రండి."

"ఇప్పుడే తోసేస్తావా ఏంటి?"

"చుక్క నీళ్లు లేవు, రండి."

చెయ్యి పట్టుకుని దించాడు. మెట్లను ఆనుకుని మూలన మోకాలెత్తు నల్లరాయి ఉంది. కాలు జారకుండా పైన ఉలిగాట్లు పెట్టారు.

"ఇది గోడతో కలిపి కట్టింది కాదు, తర్వాతెవరో తెచ్చి వేశారు. పొట్టివాళ్ల కోసమే అయ్యుంటుంది. నీళ్లు నింపితే పైకి కనబడదు."

చిట్టత్త ఎక్కి నిలబడింది. గోడమీద నీటిచార సరిగ్గా గుండెల దగ్గరికొచ్చింది.

"మా అమ్మ నాకంటే రెండువేళ్లు పొట్టి" అంది. "ఎంత గడుసుదో చూశావా! దీనిమీద నిలబడి, బతికినన్నాళ్లూ నా దగ్గర ధైర్యం గురించి కోతలు కోసింది!"

నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్ల బరువు దిగిపోయి, ఒళ్లు తేలికైంది.

ఆదివారం తొట్టి నిండింది. పాస్టరుగారు నీళ్లలో నిలబడి చెయ్యి అందించారు. చిట్టత్త మెట్లు దిగి, మూలకు జరిగి, పాదంతో తడుముకుంది.

"భయమా అమ్మా?"

"లేదయ్యగారూ. మా అమ్మ నిలబడ్డ చోటు చూసుకుంటున్నా. దొరికింది, ఇక ముంచండి."