పాత కుప్పలో నా సైజు

"ఆదివారం లైవ్‌కి ఒక పాత షూ జత చూసి ఉంచు. బాగా చచ్చిపోయింది కావాలి. చూడగానే జనం ఛీ అనాలి," అన్నాడు మా ఆయన ఇమ్మానియేలు, ఇడ్లీని కారప్పొడిలో అద్దుకుంటూ.

వాళ్ళమ్మగారికి ఇడ్లీ పడదు కాబట్టి నేను ఆవిడకి వేరేగా అట్టు పోస్తున్నాను. "ఎక్కడ దొరుకుతుందండీ అలాంటిది?" అన్నాను, తెలియనట్టు.

"ఆ పాత కుప్పలో వెతుకు. దొరక్కపోతుందా?"

అట్లకాడ చేతిలోనే ఆగిపోయింది. ఇదే మాట ఇదివరకు కూడా ఆయన నాతో అన్నాడు. అన్న సంగతి ఆయనకి గుర్తు కూడా లేదు. నాకు మాత్రం ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా గుర్తుంది.

మాది గుంటూరు బ్రాడీపేటలో స్పోర్ట్స్ షూల షాపు. మాది అంటే, బోర్డు మీద పేరు ఆయనది, లోపల చాకిరీ నాది. పొద్దున్నే షట్టరెత్తి ఊడ్చేది నేను. వచ్చినవాళ్ళ పాదాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని లేసులు కట్టేది నేను. వాళ్ళు వేసి చూసి, పెదవి విరిచి వదిలేసిన జతలన్నిటికీ మళ్ళీ కాగితం చుట్టి డబ్బాల్లో సర్దేది నేను. తెలిసినవాళ్ళెవరైనా వస్తే ఆయన గల్లాపెట్టె వెనకనుంచి, "మా ఆవిడండీ, ఇంట్లో తోచక వస్తుంటుంది" అంటాడు. ఇంట్లో తోచదట నాకు! తెల్లారి లేస్తే మా అత్తగారు పున్నమ్మగారికి వేణ్ణీళ్ళు, ఆవిడ మాత్రలు, ఈయనకి ఇస్త్రీ బట్టలు, రెండు రకాల టిఫిను, మధ్యాహ్నానికి క్యారేజీ. ఇవన్నీ అయ్యాక నాకు తోచక షాపుకి వెళ్తానన్నమాట.

ఇంతలోనూ నాకంటూ ఒక్కటి మిగుల్చుకున్నాను. పరుగు. కాలేజీలో పరిగెత్తేదాన్ని. పెళ్ళితో ఆగింది. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళాక, తెల్లవారుజామునే లేచి స్టేడియానికి వెళ్ళడం మళ్ళీ మొదలుపెట్టాను. ఈ సీజన్లో మిర్చి టిక్కీ బస్తాలు నింపుకున్న లారీలు మార్కెట్ యార్డుకి పోతుంటే ఆ ఘాటుకి తుమ్ములు, కళ్ళవెంట నీళ్ళు. అయినా పరిగెత్తుతాను. ఎందుకంటే ఆ కాసేపూ నన్నెవరూ పిలవరు. "క్రిస్టీనా, కాఫీ", "క్రిస్టీనా, ఎనిమిదో నంబరు నల్లది తే" అనే గొంతులేవీ అక్కడిదాకా రావు. "పెళ్ళైన ఆడది రోడ్డు మీద పరిగెడితే ఎవడో తరుముతున్నాడనుకుంటారే జనం" అంటుంది మా అత్తగారు. చర్చిలో స్త్రీల కూడికలో నా కోసం ప్రత్యేకంగా ప్రార్థన కూడా పెట్టించింది, నా మనసు ఇంటి మీద నిలవాలని. నేనూ కళ్ళు మూసుకుని అందరితో పాటు ఆమెన్ అన్నాను.

పరుగు మొదలుపెట్టిన కొత్తలో, షాపులోంచి ఒక మామూలు జత తీసుకుంటానని ఆయన్ని అడిగాను. "నీ పరుగుకి కొత్తవి దేనికి? నువ్వేమన్నా పతకాలు తెస్తావా? సరుకులోంచి తీసి వేసుకోవడమంటే గల్లాలో చెయ్యి పెట్టడమే. ఆ పాత కుప్పలో చూసుకో, నీ సైజు దొరక్కపోతుందా?" అన్నాడు.

పాత కుప్ప అంటే వేరే ఏమీ కాదు. పాత జత తెస్తే కొత్తదాని మీద తగ్గింపు అని మేము ఆఫర్ పెడుతుంటాం. జనం వదిలేసి పోయినవన్నీ గోతాల్లో కుక్కి మెట్ల కింద పడేస్తాం. ఇవి వేసుకుంటే మోకాళ్ళు పోతాయి బాబూ అని ఆయన దగ్గరుండి భయపెట్టి, వాళ్ళ కాళ్ళనుంచి విప్పించినవే అవన్నీ. పరాయివాళ్ళ మోకాళ్ళకి పనికిరానివి పెళ్ళాం మోకాళ్ళకి సరిపోతాయని ఆయన లెక్క. ఎవరో కాలేజీ కుర్రాడు వదిలేసిన జత తీసుకుని, వేళ్ళ దగ్గర గుడ్డ కుక్కుకుని పరిగెత్తాను. ఏడాది దాటింది. ఒక్కసారి కూడా ఆయన నా కాళ్ళవైపు చూడలేదు.

కుడి మోకాలు నొప్పి మొదలయింది. స్టేడియంలో నాతో పాటు పరిగెత్తే సిద్దికా ఫిజియోథెరపిస్టు. ఒకరోజు గట్టు మీద కూర్చోబెట్టి నా మోకాలు నొక్కి చూసింది. తర్వాత షూ విప్పించి, బల్లపరుపు నేల మీద పెట్టింది. తాగినవాడిలా అది పక్కకి ఒరిగిపోయింది. లోపల వేలు పెట్టి నొక్కితే మెత్తదనం లేదు, అట్టముక్కని నొక్కినట్టుంది.

"అక్కా, నీ మోకాలికేం రోగం లేదు. ఈ షూ ఎప్పుడో చచ్చింది. దీంతో ఇంకొన్నాళ్ళు పరిగెత్తావనుకో, ఆ తర్వాత నువ్వు అడిగినా నేను పరిగెత్తనివ్వను. షూల షాపు పెట్టుకుని నీకిదేం ఖర్మ?" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమె చెప్పినవన్నీ నేను రోజూ షాపులో చెప్పే మాటలే. అడుగు ఒకవైపే అరిగినా, పక్కన ఫోము ముడతలు పడినా, లేని నొప్పి కొత్తగా వచ్చినా మార్చెయ్యాలి. అన్నీ తెలిసి, నా కాళ్ళ దాకా వచ్చేసరికి నోరు మూసుకున్నాను. ఆ సాయంత్రం ఆయనకి చెప్పాను, షూ మార్చకపోతే పరుగు పోతుందని.

"పోతే పోయింది. మోకాలు నొప్పయితే మానెయ్. దానికి డాక్టర్లెందుకు, నేను చెబుతున్నాగా," అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఇంక అడగలేదు. లొంగిపోయానని ఆయన అనుకున్నాడు. నేను మాత్రం అదను కోసం చూస్తున్నాను. ఇడ్లీ తింటూ తనే నోరారా అడిగిన ఆ పూట, అత్తగారి అట్టు మాడిపోతున్నా నాకు పట్టలేదు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి షాపు తెరిచాం. ఈమధ్య ఆయన తనని తాను 'షూ డాక్టర్' అని పిలుచుకుంటున్నాడు. ఫోను స్టాండుకి బిగించి, లైటు సర్ది, ఆయన చెప్పాల్సిన మాటలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోను కింద పట్టుకుని నిలబడటం నా డ్యూటీ. లైవ్ మొదలయింది. నేనిచ్చిన జతని ఆయన తోకపట్టుకుని ఎలుకని ఎత్తినట్టు లేసులు పట్టుకుని పైకెత్తాడు.

"హాయ్ ఫ్రెండ్స్! పాత షూ ఎప్పుడు మార్చాలి? ఇదిగో, ఇలా అయ్యేదాకా ఉండకూడదు. చూడండి, మడమ దగ్గర ఎలా అరిగిందో. ఈ ముడతలు చూడండి." అక్కడిదాకా నేను రాసిందే. తర్వాతది ఆయన సొంత తెలివి. "ఎవరివో గానీ, పాపం! ఇలాంటివి వేసుకుని పరిగెడుతుంటే ఇంట్లోవాళ్ళు ఏం చేస్తున్నట్టండీ? కళ్ళు కనపడవా? మనిషన్నవాడు చూస్తూ ఊరుకుంటాడా?"

"నావేనండి," అన్నాను.

"ఏంటి?"

"ఆ షూలు నావేనండి. నిన్న పొద్దున కూడా వాటితోనే పరిగెత్తాను. పాత కుప్పలో చూసుకోమన్నారుగా మీరు."

చూసేవాళ్ళు రాసే కామెంట్లు చదివి వినిపించడం కూడా నా డ్యూటీయే. ఒక్క అక్షరం మింగకుండా చదివాను. "అన్నా, మాకు కొత్తవి, వదినకి చెత్తవా?" "డాక్టరుగారూ, కళ్ళు మీకే కనపడవా?" "చూస్తూ ఊరుకున్న మనిషి మీరేనా సార్?" కసి తీరడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. జాలి పడదామని చూశాను, రాలేదు.

"మా ఆవిడకి జోకులెక్కువ ఫ్రెండ్స్," అని ఆయన నవ్వాడు. "ఈరోజు తనకి సర్‌ప్రైజ్ గిఫ్ట్ ఇద్దామనే ఇదంతా." చెయ్యి కింది అరలో ఉన్న చవక రకం వైపు పోయింది.

"అవి కాదండి, ఇవి," అని అద్దాల బీరువాలో ఉన్న జత చూపించాను. షాపు మొత్తం మీద ఖరీదైనవి. వాటిని ఆయన రోజూ తనే తుడుచుకుంటాడు. బీరువా తెరిచి తీసుకొచ్చి, షూలు వేసి చూసే చాప మీద నా ముందు నిలబడ్డాడు. నేను అట్ట పక్కన పెట్టి, ఫోనుకి కనపడేలా స్టూలు మీద కూర్చుని కాలు చాపాను.

"లేసులు మనమే కడతాం కదండీ కస్టమర్లకి," అన్నాను.

అందరూ చూస్తున్నారు. కూర్చున్నాడు. మోకాళ్ళ మీద. ముడి రెండుసార్లు జారింది. నేను తొందరపెట్టలేదు. నా మోకాలికి ఇన్నాళ్ళకి ఒక మెత్తటి అడుగు దొరికింది.

లేచి లైటు ఒక్కటే ఆర్పాను. ఆయన మొహం మారిపోయింది.

"అయిందా నీ డ్రామా? విప్పు, డబ్బాలో పెట్టు. చాప దిగకు! అడుక్కి మట్టంటితే ఎవడు కొంటాడే? పరువంతా తీశావు. పాత కుప్పే ఎక్కువ నీ మొహానికి. రేపట్నుంచి గడప దాటి పరుగంటూ వెళ్ళు, కాళ్ళు విరగ్గొడతా."

మా షాపుల్లో అదే రివాజు. చాప మీద ఎన్నిసార్లు వేసుకుని చూసినా కొత్తవే. నేల తగిలితే అమ్ముడుపోయినట్టే. నేను చాప దిగాను. మెట్లు దిగి రోడ్డు మీదకి వచ్చి, రెండు అడుగుల్నీ కంకర మీద గట్టిగా రాశాను. తర్వాత మెల్లగా పరుగందుకున్నాను, చీరలోనే.

"ఒసేయ్ క్రిస్టీనా! ఇదింకా నడుస్తోందేంటే? ఎక్కడ నొక్కాలి?" అని వెనకనుంచి అరుస్తున్నాడు. లైవ్ ఆపడం ఆయనకి రాదు. ఇన్నాళ్ళూ నేనే ఆపేదాన్ని.